విల్లయితేనేం, తుపాకీ అయితేనేం: నాచారం ల్యాబుకు చేరిన జింక

తూర్పు హైదరాబాద్ కథ – 17

కూరగిన్నెలో ఉడికి, పసుపూ కారమూ పట్టి, పైన నూనె తేలిన మాంసం ముక్క. అడవి పక్క ఊళ్లో సోదాకు వెళ్లిన అటవీ సిబ్బంది దాన్ని పొయ్యి మీద నుంచే దింపించి, పంచనామా రాసి, డబ్బాలో పెట్టి సీలు వేస్తారు. పట్టుబడిన మనిషి మాత్రం ఒకటే మాట మీద ఉంటాడు: “మేక మాంసం సార్.” ఎదురుగా నిలబడ్డ సెక్షన్ ఆఫీసరుకు అది దుప్పిదని తెలుసు. వీధిలో వాళ్లకూ తెలుసు. తెలియడం వేరు, కోర్టులో రుజువు కావడం వేరు. తోలు లేదు, కొమ్ముల్లేవు, తలకాయ లేదు. ఉడికిన ముక్కను చూసి అది దేనిదో ప్రమాణం చేసి చెప్పగల కన్ను ఇంకా పుట్టలేదు.

అలాంటి ముక్క చేత నిజం చెప్పించే పద్ధతి పుట్టింది మన ఉప్పల్ రోడ్డు మీదే.

కిందటి భాగంలో హబ్సిగూడ చుట్టూ ఒకదాని పక్కన ఒకటిగా వెలసిన ప్రయోగశాలల సంగతి చెప్పుకున్నాం. ఈసారి ఆ గేట్ల లోపలికి ఒక జింకను తీసుకెళ్దాం. అది ల్యాబు దాకా చేరాలంటే ముందు ఒక ఆయుధం సంగతి తేలాలి. ఆ ఆయుధం క్రాస్‌బో.

మన పురాణాల్లో, సినిమాల్లో చూసే విల్లు నిలువుది. ఎడం చేత్తో కొయ్య పట్టుకుని, కుడి చేత్తో నారి లాగి, ఊపిరి బిగబట్టి వదలాలి. క్రాస్‌బోలో అదే విల్లును అడ్డంగా తిప్పి తుపాకీ కొయ్యలాంటి దానికి బిగిస్తారు. నారిని వెనక్కి లాగి కొక్కేనికి తగిలిస్తే, ట్రిగ్గర్ నొక్కేదాకా అది అక్కడే ఉంటుంది. మామూలు విల్లు లాగినవాడి చెయ్యి నిమిషంలో వణకడం మొదలవుతుంది. క్రాస్‌బో పట్టినవాడు చెట్టు మీద కూర్చుని గంటసేపైనా జింక కోసం కాచుకోవచ్చు. విలువిద్య ఒంటబట్టడానికి ఏళ్లు పడితే దీనికి ఒక పూట చాలు. గొడవంతా అక్కడే మొదలైంది. నేర్పు అక్కర్లేని చేతికి చంపే శక్తి ఇచ్చే పనిముట్టును ఏ కాలంలోనూ పాలకులు, పెద్దలు నిశ్చింతగా చూడలేదు.

1139లో రోములో జరిగిన రెండో లాటరన్ సభ, క్రైస్తవులు సాటి క్రైస్తవుల మీద విల్లునూ క్రాస్‌బోనూ వాడకూడదని శాసించింది. ఎవరూ పెద్దగా లెక్కచేయలేదు. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ 1541లో ఇంకో దారి పట్టాడు. ఏటా వంద పౌన్ల రాబడి లేనివాడు క్రాస్‌బో గానీ చేతి తుపాకీ గానీ ఇంట్లో ఉంచుకోరాదన్నాడు. అంటే దొరలకు ఉండొచ్చు, రైతుకు ఉండకూడదు. ఆయుధం పేరు చెప్పి మనుషులను వడబోసే ఈ తంతును గుర్తుపెట్టుకోవాలి. నాలుగు వందల ఏళ్ల తర్వాత మన చట్టంలో కూడా ఇలాంటిదే ఒక వాక్యం కనబడుతుంది.

అమెరికాలో ఈ వాదం ఇంకా చల్లారలేదు. ఎడిసన్‌లోనో కొలంబస్‌లోనో స్థిరపడిన మనవాళ్లకు, తెల్లవారేసరికి పెరట్లో గులాబీ మొక్కలన్నీ మేసి పోయే వైట్‌టెయిల్ జింకలు బాగా తెలుసు. రాత్రిళ్లు కార్లకు అడ్డం పడేవీ అవే. అక్కడ జింకల వేటకు సీజన్ ఉంటుంది, లైసెన్సు ఉంటుంది. తుపాకీ సీజన్ వేరు, విల్లు సీజన్ వేరు. మరి క్రాస్‌బోను ఏ గాట కట్టాలి? ఒహాయో 1970ల నుంచే దాన్ని జింకల వేటకు అనుమతించింది. పెన్సిల్వేనియా 2009లో విల్లు సీజన్‌లోకి రానిచ్చింది. న్యూయార్క్ 2014లో కొద్ది రోజులకే పరిమితం చేసి తలుపు తీసింది. ఒరెగాన్ మాత్రం ససేమిరా అంటోంది. ముసలివాళ్లు, భుజం నొప్పి ఉన్నవాళ్లు కూడా వేటాడగలరు కాబట్టి ఉండాలంటుంది ఒక వర్గం. కష్టపడి నేర్చుకున్న మా విద్యకు విలువేముందని అలుగుతుంది రెండో వర్గం. సముద్రానికి ఇవతల బ్రిటన్‌లో 1981 నాటి వన్యప్రాణి చట్టం విల్లు, క్రాస్‌బో రెంటితోనూ అడవి జంతువులను చంపడాన్ని నిషేధించి ఆ చర్చకే తెర దించింది.

బ్రిటన్ వాళ్లు కాదన్నది ఎందుకో తెలియాలంటే ఒక చిన్న లెక్క వేసుకోవాలి. జింక నలభై గజాల దూరంలో ఉందనుకుందాం, అంటే 120 అడుగులు. క్రాస్‌బో బాణం సెకనుకు 350 అడుగుల వేగంతో పోతే అక్కడికి చేరడానికి సెకనులో మూడో వంతు పడుతుంది. నారి వదిలినప్పుడు టప్పుమనే చప్పుడు సెకనుకు దాదాపు 1,125 అడుగులు పోతుంది. కాబట్టి అది సెకనులో పదో వంతుకే జింక చెవిన పడుతుంది. మధ్యలో మిగిలేది పావు సెకను. జింకకు అది చాలు. ఉలిక్కిపడి దూకబోయే ముందు అది కాళ్లు మడిచి ఒళ్లు కిందికి దించుతుంది. గుండెకు గురిపెట్టిన బాణం వీపు మీదుగా జారిపోతుంది, లేదంటే వెన్ను పక్క కండలో దిగబడుతుంది.

సరిగ్గా తగిలినా జింక అక్కడికక్కడే కూలదు. తూటా దెబ్బకు ఒళ్లంతా అదిరిపోతుంది. బాణం అలా కాదు, కోస్తుంది. నెత్తురు కారి చావాలి. అందుకే బాణంతో వేటాడేవాడు కొట్టగానే పరుగెత్తడు. అరగంట కూర్చుని, తర్వాత నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ పోతాడు. చుక్కలు దొరక్కపోతే ఆ జింక ఏ పొదలోనో రెండు రోజులు మూలిగి చస్తుంది. గురి తప్పినవాడు ఆ సంగతి ఇంటికొచ్చి చెప్పుకోడు కాబట్టి అలాంటివెన్నో లెక్క తేలదు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం.

ఉప్పల్ రింగు రోడ్డు నుంచి నాగోలు, ఎల్బీనగర్ దాటి విజయవాడ హైవే మీద కొంచెం ముందుకెళ్తే, ఆటోనగర్ లారీల రద్దీ పక్కనే మహావీర్ హరిణ వనస్థలి గోడ మొదలవుతుంది. 3,605 ఎకరాలు. ఒకప్పుడది నిజాం వేటభూమి. హైదరాబాదుకు పెద్ద అతిథి వస్తే చార్మినార్ చూపించడం, విందు ఇవ్వడం, వేటకు తీసుకెళ్లడం ఆనవాయితీ. 1893 జనవరిలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ వచ్చి ఈ సంస్థానంలో వేటాడి వెళ్లాడు. ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత సరయేవోలో తూటాకు బలై మొదటి ప్రపంచ యుద్ధానికి కారణమైంది ఈయనే. 1902లో వైస్రాయ్ కర్జన్ దంపతులు వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర చచ్చిన పులి ముందు నిలబడి తీయించుకున్న ఫొటో ఇప్పటికీ పుస్తకాల్లో తిరుగుతోంది. పులికి ఏనుగు, మంచె, తుపాకీ. కృష్ణజింకకు చీతా. కళ్లకు గంత కట్టిన చీతాను ఎడ్లబండి మీద కూర్చోబెట్టి, మంద దగ్గరికి తోలి, గంత విప్పి వదిలేవారు. బండికి అలవాటు పడ్డ జింకలు తలెత్తి చూసేలోపే అంతా అయిపోయేది.

మధ్యలో ఓ మాట. కృష్ణజింక శాస్త్రం ప్రకారం అసలు డీర్ జాతిది కాదు, యాంటిలోప్. చుక్కల దుప్పి, కణితి లాంటివి ఏడాదికోసారి కొమ్ములు రాల్చి కొత్తవి మొలిపించుకుంటాయి. కృష్ణజింక మెలికల కొమ్ములు చచ్చేదాకా ఉంటాయి. తెలుగువాడు రెంటినీ జింకే అన్నాడు, ఈ వ్యాసంలోనూ అలాగే ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. 2014లో విడిపోయాక ఆంధ్రా దాన్నే ఉంచుకుంది, తెలంగాణ చుక్కల జింకను ఎంచుకుంది. పంపకాల్లో పేచీ రాని ఆస్తి బహుశా ఇదొక్కటే.

వేట ఆపాలన్న చట్టం 1972 సెప్టెంబరులో వచ్చింది. వన్యప్రాణులు అప్పట్లో రాష్ట్రాల అధికారంలోని విషయం. కొన్ని రాష్ట్రాల శాసనసభలు తీర్మానం చేసి అడిగితే తప్ప పార్లమెంటు చట్టం చేయడానికి లేదు. అలా అడిగిన పదకొండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మూడేళ్లకు, మహావీరుడి 2,500వ నిర్వాణ సంవత్సరం పేరు మీద, వనస్థలిపురం వేటభూమి జింకల పార్కయింది. వేటగాడి తోటకు అహింస చెప్పిన జైన తీర్థంకరుడి పేరు!

కానీ 1972 చట్టం వేటను పూర్తిగా ఆపలేదు. ఈ ముక్క చాలామందికి తెలియదు. కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది, దాన్ని ముట్టుకోకూడదు. దుప్పి, కణితి అప్పట్లో మూడో షెడ్యూలులో ‘బిగ్ గేమ్’ పేరుతో ఉండేవి. ఫీజు కట్టి లైసెన్సు తీసుకుంటే వాటిని కొట్టగలిగేవారు. ఎలా కొట్టాలో పదహారో సెక్షన్ చెప్పింది. బండి మీద నుంచి కొట్టరాదు. రాత్రిపూట కొట్టరాదు. నీళ్ల మడుగు దగ్గర కాచి కొట్టరాదు. లైటు వేసి కళ్లు బైర్లు కమ్మించరాదు. విషం, ఉచ్చు, గొయ్యి పనికిరావు. ఆ తర్వాత వచ్చిన షరతు మన కథకు కీలకం: బిగ్ గేమ్‌ను రైఫిల్‌తో తప్ప వేరే దేనితోనూ వేటాడకూడదు. ప్రత్యేక అనుమతి ఉంటే ఒంటి గుండు షాట్‌గన్ వాడొచ్చు. అంతే.

అంటే వేట సక్రమంగా సాగిన రోజుల్లో కూడా మన దేశంలో విల్లుతో జింకను కొట్టడం చట్టవిరుద్ధమే. క్రాస్‌బో పేరు ఎత్తకుండానే దానికి తలుపు మూసేశారు. పార్లమెంటు చెప్పదలచుకున్న న్యాయం అర్థమవుతుంది. ఒక్క తూటాకు పడాలి, గాయంతో పారిపోకూడదు. పైన చెప్పుకున్న పావు సెకను లెక్కను చట్టం తనదైన భాషలో రాసుకుంది.

అయితే ఇదే వాక్యాన్ని నల్లమలలో నిలబడి చదివితే ఇంకోలా వినబడుతుంది. రైఫిల్ ఎవరి దగ్గర ఉంటుంది? హైదరాబాదు నవాబు దగ్గర, రిటైరైన కల్నల్ దగ్గర, ఎస్టేటు దొర దగ్గర. చెంచు దగ్గర ఉండేది వెదురు విల్లు, ఇనుప ములికి బాణం. 1940లో హైదరాబాద్ సంస్థానానికి వచ్చిన ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమి మీది చెంచు పెంటల్లో, అంటే గూడేల్లో, మకాం వేసి, 1943లో వాళ్ల మీద పుస్తకం వేశాడు. విల్లు భుజాన లేకుండా చెంచు మగవాడు అడవిలోకి పోడు. అయినా వాళ్ల కడుపు నింపేది ఎక్కువగా గడ్డలు, కాయలు, తేనె. వేటమాంసం ఎప్పుడో దక్కే అదృష్టం. అలాంటివాడి చేతిలోని విల్లు నేరం, వంద మైళ్లు కారులో వచ్చినవాడి రైఫిల్ సక్రమం. ఎనిమిదో హెన్రీ వంద పౌన్ల నిబంధనకూ దీనికీ తేడా ఎంత?

తిన్నడు విల్లు పట్టుకుని అడవి మాంసం తెచ్చి శివుడికి నైవేద్యం పెట్టాడని శ్రీకాళహస్తిలో నేటికీ కన్నప్పకు మొక్కుతాం. ఆ విల్లు గుడిలో ఉంటే భక్తి, పెంటలో ఉంటే కేసు.

ఈ వివక్ష 1991 అక్టోబరు 2న పోయింది. గాంధీ జయంతి నాడు అమల్లోకి వచ్చిన సవరణ లైసెన్సు వేటను మొత్తం ఎత్తేసింది. పదహారో సెక్షనుతో పాటు రైఫిల్ షరతూ చట్టంలోంచి మాయమైంది. ఆ రోజు నుంచి రైఫిలూ, నాటు తుపాకీ, విల్లూ, క్రాస్‌బో, ఉచ్చూ అన్నీ ఒకే వరుస. చట్టంలో ‘ఆయుధం’ అన్న మాటకు ఇచ్చిన అర్థంలో విల్లు, బాణాలు, కత్తులు, వలలు, విషం, ఉచ్చులు పేరు పేరునా ఉన్నాయి. జంతువును గాయపరచగల ఏ పరికరమైనా దాని కిందికి వస్తుంది. ‘వేట’ అన్న మాటకు అర్థం ఇంకా విశాలం. చంపడమే కాదు, చంపబోవడం, తరమడం, ఎర వేయడం, ఉచ్చు పన్నడం కూడా వేటే. బాణం గురి తప్పినా నేరం తప్పదు. మనుషుల ప్రాణానికి ముప్పుగా మారిన జంతువుల లాంటి కొద్ది సందర్భాల్లో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా ఇచ్చే అనుమతి లాంటివే మినహాయింపు.

తుపాకీకి లైసెన్సు కావాలి, విల్లుకు అక్కర్లేదు, కాబట్టి విల్లుతో వేటాడితే ఏమీ కాదని కొందరు తర్కం తీస్తుంటారు. అది రెండు చట్టాలను కలగలపడం. ఇంట్లో ఏ ఆయుధం ఉంచుకోవచ్చన్నది 1959 నాటి ఆయుధాల చట్టం చూసుకుంటుంది. జింక మీద దేన్ని ప్రయోగించినా 1972 చట్టం చూసుకుంటుంది. మొదటిదాంట్లో బయటపడ్డవాడు రెండోదాంట్లో దొరుకుతాడు. పెద్ద రక్షణ ఉన్న జంతువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు, మిగతావాటికి మూడేళ్ల దాకా. 2022 సవరణ తర్వాత రెండో రకానికి జరిమానా గరిష్ఠం 25 వేల నుంచి లక్ష రూపాయలకు పెరిగింది.

ఆదివాసులకు ఇందులో వెసులుబాటు ఉందా? నికోబార్ దీవుల షెడ్యూల్డు తెగలకు వేట హక్కును చట్టమే కాపాడింది. నల్లమలకు ఆ మాట లేదు. 2006 అటవీ హక్కుల చట్టం సంప్రదాయ హక్కులన్నీ ఇస్తూ, వేట హక్కును మాత్రం పేరు పెట్టి మరీ మినహాయించింది. దొర రైఫిలూ చెంచు విల్లూ సమానమయ్యాయి నిజమే, కానీ ఒకరికి పోయింది సరదా, ఒకరికి పోయింది తిండి.

ఆయుధం మీద వాదన ముగిసిందంటే కోర్టులో ముందుగా తేలాల్సింది ఒకటే: చచ్చింది ఏ జంతువు? ఇక్కడ ఉప్పల్, నాచారం తెర మీదికి వస్తాయి.

ఉప్పల్ రోడ్డు మీది జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ 1977లో పుట్టింది. అక్కడ లాల్జీ సింగ్ అనే శాస్త్రవేత్త పాముల క్రోమోజోముల మీద పనిచేసేవాడు. కట్లపాము జాతికి చెందిన ఒక పాము డీఎన్‌ఏలో దొరికిన వరుస మనుషులను విడివిడిగా గుర్తుపట్టడానికి పనికొచ్చింది. దేశంలో డీఎన్‌ఏ వేలిముద్రల పరీక్షకు అలా బీజం పడింది. పితృత్వం కేసుల నుంచి రాజీవ్ గాంధీ హత్య కేసు దాకా నమూనాలు హైదరాబాదుకు రావడం మొదలైంది. పని పెరిగేసరికి ఇందుకోసమే విడిగా సీడీఎఫ్‌డీ అనే సంస్థ ఏర్పాటైంది. నాచారంలో ఈసీఐఎల్ రోడ్డు దాని తొలినాళ్ల చిరునామా. ఒకవైపు నాచారం పారిశ్రామికవాడ పొగగొట్టాలు, ఇంకోవైపు ఎన్టీఆర్ కట్టిన స్టూడియో. స్టూడియోలో విల్లంబులు పౌరాణికాలకు వాడేవి. పక్క రోడ్డులో నిజం వేటల తాలూకు ఎముకలు పరీక్షకు వచ్చేవి.

మనిషిని మనిషి నుంచి వేరుచేసే పరీక్ష జంతువుల కేసుల్లో నేరుగా పనిచేయదు. ముందు అది ఏ జాతో తెలియాలి. ఒక్కో జాతికి ఒక్కో పరీక్ష తయారు చేసుకుంటూ పోతే ఎన్ని వేలు చేయాలి? సీసీఎంబీలో సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ దీనికి ఒక ఉపాయం కనిపెట్టి 2003లో ప్రచురించారు. ప్రతి జంతువు కణంలోనూ మైటోకాండ్రియా అనే శక్తి సంచులుంటాయి. వాటికి సొంత డీఎన్‌ఏ ఉంటుంది. కణకేంద్రంలోని డీఎన్‌ఏ ఒక్కో కణానికి రెండు ప్రతులే ఉంటే ఇది వందలు, వేలల్లో ఉంటుంది. కాబట్టి ఉడికించినా, ఎండబెట్టినా, పూడ్చిపెట్టినా ఎక్కడో ఒకటి మిగిలి దొరుకుతుంది. అందులో సైటోక్రోమ్ బి అనే జన్యువు ఉంది. దానిలో రెండు చోట్ల అక్షరాల వరుస పాము నుంచి పులి దాకా దాదాపు ఒకేలా ఉంటుంది. ఆ రెంటి నడుమ ఉన్న సుమారు 472 అక్షరాల వరుస మాత్రం జాతి జాతికీ మారిపోతుంది.

పుస్తకాలన్నిటికీ అట్టలు ఒకటే, లోపలి కథ వేరు అనుకోండి. అట్టలు పట్టుకునే రెండు ‘ప్రైమర్లు’ ఉంటే చాలు, ఏ పుస్తకమైనా తెరవొచ్చు.

బల్ల మీద ఈ పని చూస్తే వంటింటి పనిలాగే ఉంటుంది. కూరలోని ముక్కను ముందు శుభ్రంగా కడిగి నూనె, మసాలా వదిలిస్తారు. మసాలా ఉంటే తర్వాతి రసాయన చర్య సాగదు. పై పొర తీసేసి లోపలి కండను మిరియపు గింజంత తీసుకుంటారు. ఎంజైము కలిపి వెచ్చగా నానబెడితే కండ కరిగి జావవుతుంది. దాన్నుంచి డీఎన్‌ఏ విడదీసి, ప్రైమర్లు కలిపి పీసీఆర్ యంత్రంలో పెడతారు. అది వేడెక్కుతూ చల్లారుతూ ఒక్కో విడతకు ఒకటిని రెండు, రెండును నాలుగు చేస్తూ పోతుంది. రెండు మూడు గంటల్లో కోట్ల ప్రతులు తయారు. వాటి అక్షరాల వరుస చదివి, తెలిసిన జాతుల వరుసలతో పోలుస్తారు. మేక అన్నవాడి మాటా నిలబడొచ్చు, సెక్షన్ ఆఫీసరు అనుమానమూ నిలబడొచ్చు. దుప్పి పేరు చెప్పి మేక మాంసాన్ని ఎక్కువ ధరకు అంటగట్టినవాడి గుట్టు కూడా ఈ పరీక్షలోనే రట్టవుతుంది.

దీనికీ హద్దుంది. ముక్క దుప్పిదని చెబుతుంది గానీ చంపింది ఎవరో చెప్పదు. బాణం దెబ్బా, తూటా దెబ్బా, కరెంటు తీగా అన్నది అసలు చెప్పలేదు. ఆ పని పోస్టుమార్టంది.

ఈ తేడా ఎంత ముఖ్యమో జోధ్‌పూర్ కేసు చూపించింది. 1998 అక్టోబరు 1–2 మధ్య రాత్రి కాంకాణీ గ్రామం దగ్గర రెండు కృష్ణజింకలు చచ్చాయి. తుపాకీ చప్పుడు విని స్థానిక బిష్ణోయీ సముదాయం వాళ్లు జీపు వెంట పడ్డారు. హిందీ సినిమా షూటింగుకు వచ్చిన సల్మాన్ ఖాన్ మీద కేసు నమోదైంది. మొదటి పోస్టుమార్టం నివేదిక తుపాకీ గాయాలు చెప్పలేదు. పూడ్చిన కళేబరాలను తవ్వి తీసి వైద్యుల బృందం మళ్లీ పరీక్షిస్తే అవి బయటపడ్డాయి. దేంతో చంపారన్న దగ్గర ఏళ్ల తరబడి వాదన నడిచింది. చచ్చినవి ఏ జంతువులన్న ప్రశ్నకు మాత్రం ఎముకలు, చర్మం పరీక్షించిన హైదరాబాద్ సీడీఎఫ్‌డీ నివేదిక ఉంది. 2018 ఏప్రిల్ 5న జోధ్‌పూర్ కోర్టు ఆయనకు ఐదేళ్ల శిక్ష వేసింది. తోటి నటీనటులను నిర్దోషులుగా వదిలేసింది. అంతకుముందు మరో రెండు వేట కేసుల్లో కింది కోర్టులు వేసిన శిక్షలను రాజస్థాన్ హైకోర్టు 2016లో కొట్టేసింది. కాంకాణీ తీర్పు మీద అప్పీలు వెళ్లింది, 2022లో అదీ హైకోర్టుకే బదిలీ అయింది. నేరం జరిగినప్పుడు పుట్టిన పిల్లలకు ఇప్పుడు పెళ్లిళ్లయ్యాయి.

ఇంతకూ తెలుగు రాష్ట్రాల అడవుల్లో జింకలను చంపుతున్నది ఏది? క్రాస్‌బో కాదు. సైకిలు బ్రేకు వైరుతో చేసిన ఉచ్చు. పొలం గట్టున పందుల కోసమని వేసిన కరెంటు తీగ. నాటు తుపాకీ. 2017 మార్చిలో మహాదేవపూర్ అడవుల్లో దుప్పులను చంపిన కేసు తెలంగాణలో పెద్ద దుమారమే లేపింది. ఉచ్చుకూ తీగకూ నేర్పు అక్కర్లేదు, రాత్రంతా కాపలా కూడా అక్కర్లేదు. పన్నినవాడు ఇంట్లో నిద్రపోతాడు. జింకకు వేసిన తీగకు పులి పడుతుంది, ఒక్కోసారి తెల్లారి పొలానికి పోయిన రైతే పడతాడు. ఆ లెక్కన క్రాస్‌బో మీద మనం చేసే చర్చ కొంచెం విలాసమే.

సీసీఎంబీ వాళ్లు జింకల చావు లెక్కలతోనే ఆగలేదు. కృత్రిమ గర్భధారణతో 2006లో ‘స్పాటీ’ అనే చుక్కల జింక పిల్లను, మరుసటి ఏడాది ‘బ్లాకీ’ అనే కృష్ణజింక పిల్లను పుట్టించారు. ఆ పని అత్తాపూర్‌లోని లాకోన్స్ విభాగానిది, దాని కథ వేరే భాగంలో. లాల్జీ సింగ్ 2017 డిసెంబరులో కన్నుమూశారు. సీడీఎఫ్‌డీ నాచారం నుంచి నాంపల్లికి, అక్కడి నుంచి ఉప్పల్ ఇన్నర్ రింగు రోడ్డులోని సొంత ప్రాంగణానికి మారింది. నాచారం బస్సెక్కి దిగినవాళ్లలో ఆ పాత భవనం ఏదో చూపించగలవాళ్లు తగ్గిపోతున్నారు.

వచ్చే వారం అదే నాచారంలో ఎన్టీఆర్ స్టూడియోకు వెళ్దాం. ఈలోగా పాఠకులకు ఒక విన్నపం. 1972కూ 1991కీ మధ్య మన జిల్లాల్లో ఇచ్చిన ‘బిగ్ గేమ్’ లైసెన్సు కాగితం మీ ఇంట్లో ఏ ట్రంకుపెట్టెలోనైనా ఉంటే ఫొటో తీసి పత్రికకు పంపండి. తాతగారి కాలం నాటి కృష్ణజింక కొమ్ములు గోడకు వేలాడుతుంటే మాత్రం, ఫొటో తీసే ముందు అటవీ శాఖ ఇచ్చిన యాజమాన్య ధ్రువపత్రం ఉందో లేదో చూసుకోండి. అది లేకుండా ఆ కొమ్ములు ఇంట్లో ఉండటం కూడా నేరమే.